మనం కట్టించే ఇంటికి పెరడు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవారు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. టీచర్ని గనుక ఏటా అదే అడుగుతారు. ఈసారి నేనే అడిగి విషయం మార్పించుకున్నాను. బేవాలకు, ఆసరా లేని కుటుంబాలకు మన సంఘం పల్లెల్లో ఇళ్లు కట్టిస్తోంది. ఆ ఇళ్ల పిల్లల్లో కొందరు నా తరగతిలో కూర్చుంటారు గనుక ఆ గడపలు నేను తొక్కుతూనే ఉంటాను. గోడలు గట్టిగా ఉన్నాయి, స్లాబు కారడం లేదు, మరుగుదొడ్డి ఉంది. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. నా కంటికి ఒక్క లోటు కనబడింది. ఇంటి వెనక మిగిలిన కాస్త జాగాను కూడా సిమెంటు పోసి మూసేస్తున్నాం. ఆ మట్టిని వదిలిపెట్టమని, దాన్ని పెరడుగా తీర్చి ఇంటితోపాటు అప్పగించమని అడగడానికే నేను ఈ మైకు ముందుకు వచ్చాను.

సిమెంటు పోయించేవారు చెడు తలచి పోయించరు. వానాకాలం బురద ఉండదు, ఊడ్చుకోవడం తేలిక, ఇల్లు అప్పగించే రోజు ఫొటోలో శుభ్రంగా కనబడుతుంది. కాని మే నెలలో ఒక్కసారి ఆ ఇంటికి మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి. మన పల్నాటి ఎండలు ఎలా ఉంటాయో, పేపర్లలో రెంటచింతల పేరు ఏటా ఎందుకు వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దంతా కాలిన గచ్చు రాత్రి ఇషా నమాజు దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. మంచం బయట వేసుకునే వీలుండదు. లోపల ఒక్క ఫ్యాను, దాని కింద నలుగురు.

జాగా ఎక్కడుంది టీచరమ్మా అంటారేమో, లెక్క చూద్దాం. ఈ మధ్య ప్రభుత్వ కాలనీల్లో పల్లెటూళ్లలో పంచిన స్థలాలు చాలావరకు సెంటున్నర. అంటే 650 చదరపు అడుగులు, గజాల్లో 72. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై రెండున్నర అడుగుల పొడవు అనుకోండి. అందులో 20 అడుగులకు 17 అడుగులు ఇల్లు కడితే 340 చదరపు అడుగులు. ముందు మూడున్నర అడుగులు వదిలితే వెనక పన్నెండు అడుగులు మిగులుతుంది. మరుగుదొడ్డి, స్నానాల గది ఒక మూలకు పోయినా ఇరవై గజాల నేల ఉంటుంది. మూడు సెంట్ల స్థలం ఉన్నవారికైతే ఈ లెక్కే అక్కర్లేదు.

ఆ ఇరవై గజాల్లో ఇంటికి కావలసిన కూరగాయలన్నీ పండుతాయని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి, అందులో ఆకుకూరే 100 గ్రాములు. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలన్నమాట. ఇరవై గజాలు అంత ఇవ్వవు. తోటకూర, అంబాడా, బచ్చలి, పుదీనా, కరివేపాకు, మునగాకు, ఒకటి రెండు పాదుల కాయలు మాత్రం ఇస్తాయి. చేతిలో డబ్బు తగ్గినప్పుడు మొదట కొనడం మానేసేది వీటినే. బియ్యం కొంటారు, ఉల్లిపాయ కొంటారు, నూనె కొంటారు. ఆకుకూర కట్ట దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతుంది.

దాని ఫలితం నాకు తరగతి గదిలో కనబడుతుంది. ప్రార్థనకు నిలబడిన పిల్ల తూలి కింద కూర్చుంటుంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంటుంది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తం తక్కువ. బడిలో వారానికొకసారి ఐరన్ మాత్ర ఇస్తాం. ఆకుకూర ఆ మాత్రకు బదులు కాదు, మాత్ర మాత్రే. కాని పళ్లెంలో ఆకుకూర, దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం, తర్వాత ఒక జామకాయ ఉంటే, తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయం. పులుపులో, జామలో ఉండే సి విటమిన్ ఆ పని చేస్తుంది. అన్నం తిన్న వెంటనే తాగే చాయ్ దానికి అడ్డం పడుతుంది. మన ఇళ్లలో ఈ అలవాటు ఎంత ఉందో మీకు తెలుసు. చాయ్ మానమంటే నా మాట ఎవరూ వినరు. ఒక గంట ఆగి తాగమని పిల్లలకు చెప్తూ ఉంటాను.

ఇక ఆ పెరట్లో ఎవరు బతుకుతారో చెప్పాలి. మనం ఇల్లు ఇచ్చేది ఎక్కువగా భర్త పోయిన ఆడవారికి. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అవసరం లేనిదే ఆమె గడప దాటదు. చుట్టాలు నలభై రోజులు వస్తారు, తర్వాత ఎవరి పని వారిది. మా మండలంలో ఒక చెల్లెలు ఆ నాలుగు నెలలూ పెంకుటింటి వెనక దొడ్డిలో, ఒక మునగ చెట్టు, రెండు బీర పాదుల మధ్య గడిపింది. ఫజ్ర్ తర్వాత నీళ్లు పోసేది, ఆకు తుంచేది, మట్టి గుల్ల చేసేది. "టీచరమ్మా, ఆకాశం కనబడేది అక్కడొక్కటే" అంది నాతో. మన సంఘం ఇచ్చిన కొత్త ఇంట్లోకి మారింది, సంతోషంగా ఉంది, మీ అందరికీ దుఆ చేస్తుంది. కాని కొత్త ఇంట్లో పెరడు గచ్చు. ఆమె దాన్ని లోటుగా చెప్పలేదు. ఇచ్చినవారిని ఎలా అడుగుతుంది? ఆ మాట ఆమె బదులు నేను అడుగుతున్నాను.

జన్నత్ అనే అరబీ మాటకు తోట అని అర్థం. దాని మూలంలో కప్పి ఉంచడం, మరుగు చేయడం అనే భావం ఉంది. చెట్ల చాటున ఉండే చోటు అని. పరదా పాటించే స్త్రీకి పెరడు అలాంటిది. బురఖా లేకుండా ఎండ ఒంటికి తగిలే చోటు ఆమెకు ఇంకొకటి లేదు. ఎండ తగలక డి విటమిన్ తగ్గి మోకాళ్లు, నడుము పట్టేశాయని చెప్పుకునే ఆడవాళ్లను మీ ఇళ్లలోనే చూస్తుంటారు. కాబట్టి తోటకు మొదట కావలసింది చాటు. ఇటుక ప్రహరీకి డబ్బు చాలకపోతే గోరింట దడి వేయండి. గోరింట కొమ్మలు వానాకాలంలో అడుగున్నర దూరంలో గుచ్చితే ఒకటి రెండేళ్లలో మనిషి ఎత్తు దట్టంగా అల్లుకుంటుంది. ఏటా కత్తిరిస్తే ఇంకా గుబురు అవుతుంది. అంతవరకు తాటాకు తడిక చాలు. ఈద్‌కు పిల్లల చేతులకు మెహందీ అందులోంచే వస్తుంది. ఆషాఢంలో పక్కింటి హిందూ ఆడపడుచులు గిన్నె పట్టుకుని అదే దడి దగ్గరికి వస్తారు. మేకలు తిరిగే వీధి వైపు అడ్డసరం నాటుకోవచ్చు, దాన్ని మేక ముట్టదు.

తోట ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే, నీళ్లు ఎక్కడ పడతాయో అక్కడ అంటాను. ముగ్గురు ఐదు పూటలా వుజూ చేసి, ఒక్కొక్కరు ఒక్కో పూటకు మూడు లీటర్లే వాడినా రోజుకు 45 లీటర్లు. అది సబ్బు లేని నీరు. ఇంటింటికీ కుళాయి పథకంలో ప్రభుత్వం మనిషికి రోజుకు లెక్కగట్టిన నీరు 55 లీటర్లు. అంటే వుజూ నీరు మురుగులోకి వదిలితే ఒక మనిషికి వచ్చే నీటిలో చాలా భాగం పారబోసినట్టే. దైవప్రవక్త (స) ఒక ముద్దు నీటితో, అంటే లీటరు కూడా నిండని నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. పారే ఏటి ఒడ్డున ఉన్నా నీళ్లు వృథా చేయవద్దన్న బోధ మన పిల్లలకు మదర్సాలోనే చెప్తారు. మనకు అంత తక్కువతో చేతకాకపోతే కనీసం వాడిన నీటికి ఒక దారి చూపిద్దాం. కుళాయి కింద నాపరాయితో చిన్న వుజూ చప్టా, దాని వాలు తోట వైపు, అక్కడి నుంచి జానెడు వెడల్పు కాలువ. మాచర్ల నాపరాయి మనకు దగ్గరే దొరుకుతుంది, దీనికి మేస్త్రి అరపూట పని. ఆ కాలువ వెంబడి పుదీనా, కొత్తిమీర, పొన్నగంటి వేస్తే ఆ తడికే పెరుగుతాయి. పుదీనాకు మధ్యాహ్నం కొంచెం నీడ ఉంటే మంచిది.

స్నానాల గది నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు వేరు. వాటిలో సబ్బు ఉంటుంది గనుక పచ్చిగా తినే ఆకుల మీదికి పోనివ్వకూడదు. ఒక చిన్న గుంతలో గులకరాళ్లు, ఇసుక నింపి దాని గుండా వదిలి, అరటి పిలకలకు, చామ దుంపలకు పారించాలి. అవి ఎంత నీరైనా తాగుతాయి. బ్లీచింగ్ కలిపిన నీళ్లు, ఫినాయిలు నీళ్లు దేనికీ వద్దు. మరుగుదొడ్డి గుంత దగ్గర దుంపలు, నేలను పాకే ఆకుకూరలు వేయవద్దు. వాననీటి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 340 అడుగుల స్లాబు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే మూడు వందల లీటర్లు. గొట్టం దించి ఒక మూలకు వదిలితే ఆ నేల దానంతట అదే తాగుతుంది. గచ్చు మీద పడితే వీధిలోకి పోయి పక్కింటివాళ్లతో తగాదా తెస్తుంది.

చెట్ల విషయంలో మా ఆడవాళ్లకు ఆశ ఎక్కువ. మామిడి, పనస, కొబ్బరి అన్నీ కావాలంటారు. ఇరవై గజాల్లో రెండు చెట్లు, ఒకటి రెండు బొప్పాయిలు, అంతే. మునగ ఒకటి. కొమ్మ పాతితే ఏడాది తిరక్కుండా కాపుకు వస్తుంది, పీకేయమ్-1 గింజ వేసినా సరే. దాన్ని ఏటా రొమ్ము ఎత్తులో నరికేయాలి, లేకపోతే ఆకు చేతికి అందదు, గాలికి విరుగుతుంది. మునగ కొమ్మ పెళుసు, పిల్లల్ని ఎక్కనివ్వకూడదు. ఎక్కడానికి జామ ఉంది. కొమ్మ గట్టిది, తొక్క నున్నటిది. అంటు మొక్క తెచ్చి గోడకు ఆరేడు అడుగుల దూరంలో పెడితే రెండు మూడేళ్లకు కాయలు. లక్నో-49 గాని అలహాబాదు సఫేదా గాని మన నేలల్లో బాగానే వస్తున్నాయి. జామ చెట్టు కింద ఒక బండ వేయించండి. ఒక్క గది ఇంట్లో టీవీ మోగుతుంటే పదో తరగతి పిల్లకు చదువుకునే చోటు అదే. నేను చదువు గురించి మాట్లాడలేదని కమిటీవారు అనకూడదు కదా.

వేప చెట్టు ముందు వైపు వీధిలో ఉండనివ్వండి. నిమ్మకు ముళ్లుంటాయి గనుక నడిచే దారికి దూరంగా ఉండాలి. కరివేపాకు మొదటి రెండేళ్లు ఎదగదు, విసుక్కుని పీకేయకండి.

పడమటి గోడ ఇంటిని కాల్చేస్తుంది. అక్కడ పందిరి వేయాలి. నాలుగు రాతి కూసాలు, పైన తీగ లేదా సర్వి కర్రలు. తొలకరిలో బీర, సొర పెడితే శ్రావణం, భాద్రపదాల్లో కాయలు. అప్పుడే పెట్టిన చిక్కుడు చలికాలంలో విరగకాస్తుంది. దొండ ఒకసారి పాకితే ఏళ్ల తరబడి ఉంటుంది. సొరకాయను ప్రవక్త (స) ఇష్టంగా తినేవారని అనస్ (రజి) చెప్పిన హదీసు ఉంది. మా పిల్లలకు సొరకాయ కూర తినిపించడానికి నేను వాడే ఉపాయం ఇదే. ఎండాకాలం పాదులు ఎండిపోయినప్పుడు ఆ పందిరి మీదే కొబ్బరి మట్టలు కప్పితే గోడకు నీడ, కింద మంచానికి చోటు.

పెద్దవాళ్లను మరచిపోతుంటాం. కుర్చీ మీద కూర్చుని నమాజు చదువుకునే నానీ నేల మీద మడిలోకి వంగలేదు. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలతో రెండడుగుల ఎత్తు మడి ఒకటి కట్టి, లోపల సగం ఎండుటాకు, సగం మట్టి, మాగిన పశువుల ఎరువు నింపి, అంచు మీద నాపరాయి పరిస్తే ఆమె దాని మీదే కూర్చుని మెంతికూర తుంచుతుంది. ఎత్తు పెంచడంలో గొప్పేమీ లేదు, కాని ఆ ఇంట్లో ఖాళీగా కూర్చుని విసుక్కునే మనిషికి ఒక పని దొరుకుతుంది. ఇంటిల్లిపాది సుఖం అందులో ఉంది. అత్తగారున్న కోడళ్లకు నా మాట అర్థమై ఉంటుంది.

పిల్లల గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి. అందం కోసం గన్నేరు పెట్టకండి. ఎర్ర గన్నేరు గాని, పచ్చ గన్నేరు గాని, ఆకు, పువ్వు, కాయ, వేరు అన్నీ విషమే. ఉమ్మెత్త మొలిస్తే పీకేయండి. ఆముదం గింజలు, గురివింద గింజలు చూడ్డానికి బాగుంటాయి గనుకనే ప్రమాదం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్నుకు హాని. నీళ్ల సంపుకు, గాబుకు మూత ఉండాలి, సంపు మూతకు తాళం ఉండాలి. పాకే బిడ్డకు నిండిన బక్కెట్టు కూడా బావే. అన్నిటికంటే ముఖ్యం, మిరప చేలకు కొట్టగా మిగిలిన పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలో పోసి చూరులో దాచే అలవాటు. ఈ ఒక్కటి మనం మాన్పించగలిగితే చాలు, నా ప్రసంగం వృథా పోనట్టే. పెరటి మొక్కలకు ఆ మందులు అక్కర్లేదు. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లితే పేనుబంక అదుపులో ఉంటుంది. మిగిలిన పురుగుల్ని చేత్తో ఏరిపారేయడం పిల్లలకు ఆటే.

ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ చాపంత మడి ఒకటి వారి పేరున ఇవ్వండి. మొదటిసారి మెంతులు చల్లించాలి, మూడు నాలుగు రోజుల్లో మొలక కనబడుతుంది, నెల తిరిగేసరికి కూర. పసివాళ్లకు అంతకంటే ఎక్కువ ఓపిక ఉండదు. జామ గింజ చల్లించి రెండేళ్లు ఆగమంటే మొక్కల మీదే విరక్తి పుడుతుంది.

మేక ఉన్న ఇల్లయితే దానికి ఒక మూల విడిగా దడి కట్టాలి. బక్రీద్ కోసం పెంచే పొట్టేలు తాడు తెంచుకుంటే ఆరు నెలల తోట అరగంటలో అయిపోతుంది. అవిశ ఒకటి నాటితే ఆకు మేకకూ పనికొస్తుంది, మనకూ పనికొస్తుంది. పెంటికలు పచ్చిగా వేయకుండా గుంతలో మాగనిచ్చి వేయాలి. కోళ్ల గురించి మాట్లాడితే చాలా పొద్దుపోతుంది, మొక్కలు లేతగా ఉన్నన్నాళ్లు గంప కింద ఉంచమని మాత్రం చెప్తాను.

దోమలు, పాములు అనే అభ్యంతరం పెద్దలు ఇందాకే టీ దగ్గర చెప్పారు. డెంగీ దోమ మొక్కల్లో పుట్టదు. నిలవ ఉన్న శుభ్రమైన నీటిలో, మూతలేని గాబుల్లో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో పుడుతుంది. శుక్రవారం డ్రైడే అని ఆశా కార్యకర్తలు చెప్తూనే ఉన్నారు. జుమాకు గుసుల్ చేసే రోజే గాబు కూడా కడిగి ఆరబెడితే సరిపోతుంది. పాము వచ్చేది కట్టెల మోపుల్లోకి, రాళ్ల గుట్టల్లోకి, ఎలుకల కోసం. పొయ్యి కట్టెలు గోడకు ఆనించకుండా అడుగు ఎత్తున పేర్చడం, మరుగుదొడ్డికి పోయే దారి రెండడుగుల వెడల్పున మాత్రం రాయి పరచి శుభ్రంగా ఉంచడం, అక్కడ ఒక బల్బు పెట్టడం. ఇంతవరకు గచ్చు నాకూ ఇష్టమే.

ఇక మిరప కల్లాల్లో పొద్దంతా కాయలు ఏరే మనిషికి, రాత్రి దాకా కుట్టుమిషను తొక్కే మనిషికి తీరిక ఎక్కడిదని ఒక సోదరుడు అడిగారు. సరైన ప్రశ్న. అందుకే నేను ఇరవై గజాలే అడుగుతున్నాను. వుజూ కాలువ దానంతట అది తడుపుతుంటే, నేల మీద ఎండుటాకు కప్పి ఉంటే, ఫజ్ర్ తర్వాత ఇరవై నిమిషాల కంటే ఎక్కువ పని ఉండదు. ఆమెకు అదీ కుదరకపోతే పిల్లలున్నారు. రోజుకు రెండు గంటలు పట్టే తోట అయితే అది ఆమెకు మరో కూలి, అలాంటిది మనం ఇవ్వకూడదు.

ఖర్చు గురించి దాతలు అడుగుతారు. మొక్కలు, విత్తనాలు, ఎరువు, కాలువ రాయి, పందిరి కూసాలు కలిపినా, పెరడంతా గచ్చు చేయడానికి మనం పోసే సిమెంటు, కంకర, కూలి ఖర్చుకు మించదు. అంటే కొత్తగా ఇవ్వమని కాదు, అదే డబ్బును మట్టి వైపు తిప్పమని. జకాత్ సొమ్ము దేనికి వాడవచ్చు, సదఖా సొమ్ము దేనికి అన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం, అందులో నేను తలదూర్చను. నాకు తెలిసింది ఒక్కటి, ఇచ్చినది పూర్తిగా ఆమెది కావాలి. ఆ జామ చెట్టు మీద దాత పేరున్న రేకు కొట్టకండి. నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది దానంగా రాయబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు మీ అందరికీ తెలిసిందే. అక్కడ రాయబడితే చాలదా?

కమిటీకి నా విన్నపం ఇది. ఇక మీదట కట్టే ఇళ్ల నక్షాలోనే పెరడు గీయించండి. కాంట్రాక్టరు కాగితంలో "వెనక గచ్చు వద్దు, వుజూ చప్టా, కాలువ" అని రాయించండి. రాయకపోతే ఆయన అలవాటు ప్రకారం పోసేస్తాడు. ఇల్లు రంజాన్‌లో అప్పగించినా మొక్కలు అప్పుడు ఇవ్వవద్దు. ఇప్పుడు కొన్నేళ్లుగా రంజాన్ చలికాలం చివర, ఎండలు ముదరబోయే ముందు వస్తోంది. అప్పుడు పెట్టిన మొక్క మే నెలలో చస్తుంది, పాపం ఆమె తన చేయి మంచిది కాదనుకుంటుంది. మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాక ఇవ్వండి. జనవరిలో చల్లుకోవడానికి కొత్తిమీర, మెంతి, తోటకూర విత్తనాలు మాత్రం డిసెంబరులోనే పంపండి, ఇఫ్తార్ గంజిలోకి ఆకు చేతికొస్తుంది.

ఇదివరకే గచ్చు పోసిన ఇళ్లను ఏం చేయాలని అడుగుతారు. అంతా పగలగొట్టనక్కర్లేదు. పడమటి గోడ వెంబడి మూడడుగుల వెడల్పున కోసి తీస్తే పందిరికి సరిపోతుంది, వుజూ కుళాయి పక్కన ఇంకో నాలుగడుగులు. ఏడాది తర్వాత ఎవరైనా వెళ్లి చూడాలి. మగవాళ్లు వెళ్తే వాకిట్లోంచి చూసి వచ్చేస్తారు గనుక ఆ పని ఆడవాళ్లకు అప్పగించండి. పరదా వెనక ఉన్న ఆపాల్లో ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తే వేసవి సెలవుల్లో నేను వారితో తిరుగుతాను.

మా ఇంట్లో మునగను జూన్ మొదటి వారంలో నరుకుతాం. ఇరవై కొమ్మల దాకా వస్తాయి. గోరింట కొమ్మలు ఎంత కావాలంటే అంత. కావలసినవారు ఊరి పేరు, ఇంటి పేరు ఈ రోజే సెక్రటరీగారి దగ్గర రాయించండి, గోనె సంచులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

వస్సలామ్.